హన్మకొండలో ఒక ఆసుపత్రి యాప్: టోకెన్ ఇస్తుంది, వంతు చెప్పదు

హన్మకొండలోని ఒక మధ్యతరహా ప్రైవేటు ఆసుపత్రి తన రోగుల కోసం నడుపుతున్న మొబైల్ యాప్‌ను, మా అమ్మ షుగరు వైద్యం కోసం గడిచిన ఆరు నెలల్లో నాలుగు సార్లు వాడాను. ఆసుపత్రి పేరును కావాలనే రాయడం లేదు. వృత్తిరీత్యా నేను బిజినెస్ అనలిస్టును. మడికొండ ఐటీ పార్కులోని ఒక కంపెనీలో ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. డాక్టర్లు, నర్సులు, ల్యాబు వాళ్ళు, కౌంటరులో కూర్చునే వాళ్ళు తమ పని ఎలా సాగుతుందో చెబితే దాన్ని ప్రోగ్రామర్లకు అర్థమయ్యేలా రాసి ఇవ్వడమే నా ఉద్యోగం. ఈ యాప్‌ను తయారు చేసింది మా కంపెనీ కాదు, ఈ ఆసుపత్రితో మాకు లావాదేవీ కూడా లేదు.

ముందుగా బాగున్నవి చెబుతాను. రిజిస్ట్రేషన్ రెండు నిమిషాల్లో ముగుస్తుంది. కౌంటరు దగ్గర అతికించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే పద్నాలుగు అంకెల ఆభా నంబరుతో (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) పాటు పేరు, వయసు, చిరునామా వాటంతట అవే ఫారంలోకి వచ్చేస్తాయి. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో రోగికి కంటికి కనిపించే ప్రయోజనం ఇదే, దాన్ని ఈ ఆసుపత్రి సరిగానే అమర్చుకుంది. ఆభా లేనివాళ్ళను దాని కోసం బలవంతపెట్టకపోవడం కూడా నాకు నచ్చింది. ల్యాబు రిపోర్టులు పీడీఎఫ్ రూపంలో ఫోనుకు వస్తాయి, పాత రిపోర్టులతో పోల్చి చూసుకునే గ్రాఫు కూడా ఉంది. రక్తంలో షుగరు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అంకె కిందికి దిగుతున్న గీతను చూసి అమ్మ ఆ పూట అన్నంలో ఇంకో గంటె వడ్డించుకున్నది. అది గ్రాఫు తప్పు కాదు.

అసలు ఇబ్బంది అపాయింట్‌మెంటు దగ్గర మొదలవుతుంది. అమ్మ పరకాల నుంచి వస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి ఖర్చు సమస్య కాదు, సమయమే సమస్య. మొదటిసారి యాప్‌లో ఉదయం తొమ్మిదిన్నర సమయం దొరికితే సంతోషంగా తీసుకున్నాను. పరగడుపు రక్తం ఏడున్నరకు ఇచ్చింది. ఎనిమిది గంటలకు ఇడ్లీ తిని మాత్ర వేసుకున్నది. తిన్న రెండు గంటలకు ఇవ్వాల్సిన రెండో నమూనా పది గంటలకు గానీ కుదరదు, దాని రిపోర్టు రావడానికి ముప్పావు గంట పడుతుంది. అంటే చేతిలో రిపోర్టులు లేకుండా తొమ్మిదిన్నరకు డాక్టరు ముందు కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. డాక్టరు గారు కూడా అదే మాట అని, రిపోర్టులతో మళ్ళీ రమ్మన్నారు. టోకెను మాత్రం పోయింది, వరుస చివరికి వెళ్ళి ఒంటిగంట దాకా కూర్చున్నాం.

ఈ లోపాన్ని నేను పెద్దదిగా చూడటానికి కారణం ఉంది. మూడు నెలల తరువాత ఏయే పరీక్షలు చేయించుకుని రావాలో కిందటిసారి ప్రిస్క్రిప్షన్‌లో డాక్టరే రాశారు, ఆ ప్రిస్క్రిప్షన్ ఇదే యాప్‌లో ఉంది. అపాయింట్‌మెంటు తేదీ ఎంచుకునే చోట ఆ రాతను ఒక్కసారి చదివి, పరగడుపు పరీక్ష, తిన్న తరువాతి పరీక్ష రెండూ ఉన్నవాళ్ళకు పదకొండు తరువాతి సమయాలే చూపిస్తే సరిపోతుంది. ఇందుకు కొత్త యంత్రమూ అక్కర్లేదు, కృత్రిమ మేధా అక్కర్లేదు. యాప్ తయారు చేసినవాళ్ళలో ఒక్కరైనా ఒక ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం దాకా ఆ ల్యాబు ముందు బెంచీ మీద కూర్చుని ఉంటే ఈ నియమం మొదటి రోజే రాసుకునేవాళ్ళు. అపాయింట్‌మెంటు అనేది డాక్టరు డైరీలో ఖాళీ గడిగా మాత్రమే వాళ్ళకు కనిపించింది. రోగికి అది బస్సు దిగిన దగ్గర నుంచి మందుల షాపు దాకా సాగే పూట.

రెండోది టోకెను. డబ్బు కట్టగానే ఇరవై ఏడో నంబరు అని ఫోనులో పడుతుంది, అక్కడితో యాప్ పని అయిపోతుంది. అమ్మ అయిదు నిమిషాలకోసారి అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడు ఎన్నో నంబరు నడుస్తాంది బిడ్డా?" నా ఉద్యోగంలో పేజీల కొద్దీ రాసుకునే రిక్వైర్‌మెంట్ల కన్నా ఆ ఒక్క వాక్యం విలువైనది. డాక్టరు గది తలుపు మీద ఎర్రటి అంకెల బోర్డు ఉంది, అంటే నడుస్తున్న నంబరు ఆసుపత్రి కంప్యూటరుకు తెలుసు, ఫోనుకు పంపడం లేదంతే. ఎందుకు పంపరో నేను ఊహించగలను. ఇలాంటి సదుపాయం గురించి నేను కూర్చున్న చర్చల్లో కౌంటరు వాళ్ళే ముందు వద్దంటారు. అత్యవసరంగా వచ్చినవాళ్ళను, ఎక్స్‌రే తీయించుకుని తిరిగి వచ్చినవాళ్ళను మధ్యలో లోపలికి పంపాల్సి వస్తుంది, అప్పుడు నంబరు ఆగిపోయినట్టు కనిపిస్తే జనం తమ మీదికి వస్తారన్నది వాళ్ళ భయం. అది నిజమైన భయమే. అయితే "మధ్యలో ఒక ఎమర్జెన్సీ వచ్చింది, కొంచెం ఆలస్యమవుతుంది" అని ఫోనులో ఒక్క ముక్క కనిపిస్తే రోగి బయటికి వెళ్ళి చాయ్ తాగి వస్తాడు. ఏమీ కనిపించకపోతేనే తలుపు దగ్గర గుంపవుతాడు.

ఫీజు విషయంలో మాకు నేరుగా నష్టం జరిగింది. ఇక్కడి ఓపీ చీటీ పదిహేను రోజులు నడుస్తుంది. ఆ లోపల మళ్ళీ చూపించుకుంటే ఫీజు లేదని చీటీ మీదే అచ్చు వేసి ఉంటుంది. మందు మార్చాక కాళ్ళు లాగుతున్నాయని పదో రోజున అమ్మను తీసుకొస్తూ యాప్‌లో బుక్ చేస్తే, అది నిస్సంకోచంగా 500 రూపాయలు మళ్ళీ తీసుకుంది. కౌంటరులో అడిగితే ఆ అమ్మాయి, "చీటీ తెచ్చి ఇక్కడ రాయించుకుంటే పైసలు పడేవి కావు సార్" అన్నది. అంటే ఇంటి నుంచి బుక్ చేసినవాడికి జరిమానా, వచ్చి వరుసలో నిలబడినవాడికి మినహాయింపు. డబ్బు తొమ్మిది రోజులకు వెనక్కి వచ్చింది.

ఇక తెలుగు. భాష మార్చుకునే వీలు పెట్టినందుకు మెచ్చుకోవాలి, కానీ అనువాదాన్ని చదివి చూసినవాళ్ళు ఎవరూ లేరు. బుకింగు పూర్తికాగానే "మీ నియామకం ధృవీకరించబడినది" అని వస్తుంది. ఏడో తరగతి దాకా చదివిన అమ్మ దాన్ని కూడబలుక్కుని చదివి, "నాకేమన్న నౌకరి ఇచ్చిండ్రా?" అని అడిగింది. డిశ్చార్జి కాగితాలుండే చోట "విడుదల సారాంశం" అని ఉంది, జైలు గుర్తుకు రాకుండా ఉండదు. మళ్ళీ రావాల్సిన తేదీకి "అనుసరణ తేదీ" అట. టోకెను, ఓపీ చీటీ, రిపోర్టు, డిశ్చార్జి అని ఊళ్ళో అందరూ అనే మాటలనే తెలుగు అక్షరాల్లో పెడితే చాలు. ఇన్ని తెలుగు చేసినవాళ్ళు, మన వివరాలు వాడుకోవడానికి అనుమతి అడిగే సమ్మతి పత్రాన్ని మాత్రం పూర్తిగా ఇంగ్లీషులోనే వదిలేశారు. ఇంగ్లీషు గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాష గానీ ఎంచుకుని అలాంటి విన్నపాన్ని చదువుకునే వీలు ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టమే చెబుతున్నది. బటన్ల కన్నా ముందు తెలుగు కావలసింది ఆ పత్రానికి.

ఒక విషయంలో మాత్రం యాప్‌ను తప్పుపట్టను. ఆధార్‌లో అమ్మ ఇంటిపేరు ముందు, ఆసుపత్రి పాత ఫైలులో వెనక ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం తేడా కూడా ఉంది. దాంతో ఆమెకు రెండు రోగి నంబర్లు ఏర్పడి, మూత్రపిండాల పనితీరు చెప్పే నిరుటి క్రియాటినిన్ రిపోర్టు రెండో నంబరులో కనిపించలేదు. వాటంతట అవే కలిసిపోయేలా చేయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఒకే ఫోను నంబరు మీద అత్త, కోడలు, ఇద్దరికీ దగ్గరి పేర్లు ఉండే ఇళ్ళు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఒకరి మూత్రపిండాల రిపోర్టు ఇంకొకరి ఫైలులో పడటం కన్నా, కౌంటరులో గుర్తింపు కార్డు చూసి మనిషి చేత్తో కలపడమే మేలు. వాళ్ళు పది నిమిషాల్లో కలిపి ఇచ్చారు, పాత రిపోర్టు డాక్టరుకు కనిపించింది.

మొత్తం మీద అయిదుకు మూడు ఇస్తాను. ఆ మూడూ రిపోర్టులకు, రిజిస్ట్రేషన్‌కు, ఓపికగల సిబ్బందికి. ఈ యాప్ వాడేవాళ్ళు షుగరు పరీక్షలు ఉన్న రోజున పదకొండున్నరకు ముందు డాక్టరు సమయం తీసుకోవద్దు. పదిహేను రోజుల్లోపు వెళ్తుంటే యాప్‌లో డబ్బు కట్టకుండా పాత చీటీ పట్టుకుని నేరుగా కౌంటరుకే వెళ్ళండి. నాలుగోసారి మేము అలాగే వెళ్ళాం: ఏడున్నరకు ల్యాబు, పదకొండున్నరకు డాక్టరు, పన్నెండుంబావుకు మందుల షాపు, ఒంటిగంట పరకాల బస్సులో అమ్మకు కిటికీ పక్కన సీటు.