పి0010 కోడ్ వస్తే ఏది మేలు: వాల్వ్ మార్చడమా, వైరింగ్ చూడటమా?

చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్‌లో పి0010 కనిపించిందంటే గ్యారేజీల్లో సాధారణంగా మూడు మాటలు వినిపిస్తాయి: వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) సెన్సార్ మార్చేద్దాం, వాల్వ్ తీసి క్లీన్ చేద్దాం, ఆయిల్ మార్చి చూద్దాం. ఈ మూడూ పక్కన పెట్టి ముందు మల్టీమీటర్ తీయాలి.

పి0010 అంటే ఇన్‌టేక్ క్యామ్‌షాఫ్ట్ (గాలి లోపలికి వచ్చే వాల్వులను తెరిచే షాఫ్ట్) టైమింగ్‌ను నడిపే ఆయిల్ కంట్రోల్ వాల్వ్‌కు వెళ్లే కరెంటు దారిలో తేడా ఉందని. ఎగ్జాస్ట్ వైపుదైతే పి0013 వస్తుంది. పి0011, పి0012 సంగతి వేరు. అక్కడ క్యామ్‌షాఫ్ట్ ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అడిగిన చోట నిలవడం లేదు. ఆయిల్ మడ్డి, మూసుకుపోయిన జల్లెడ, గ్రేడ్ సరిపోని ఆయిల్, సాగిన టైమింగ్ చైన్, ఇవన్నీ ఆ కోడ్ల వెనక ఉండే కారణాలు. క్లీనింగ్ పనికొచ్చేది అక్కడే. తెగిన కాయిల్‌ను ఎంత కడిగినా అతుక్కోదు. రెండు రకాల కోడ్లూ కలిసి వస్తే మాత్రం ముందు పి0010 సంగతి తేల్చండి. కరెంటే అందనప్పుడు క్యామ్ ఎలాగూ మాట వినదు.

ఇంకో మాట. ఈ ఆయిల్ కంట్రోల్ వాల్వ్ సెన్సార్ కాదు. రెండు పిన్నుల కాయిల్, దాని కింద ఆయిల్ దారులు తెరిచి మూసే స్పూల్. షాపులో వీవీటీ సెన్సార్ అని అడిగితే క్యామ్ పొజిషన్ సెన్సార్ చేతిలో పెట్టే ప్రమాదముంది.

వాల్వా, వైరా: తేల్చే పరీక్షల్లో ఏది మేలు?

మొదటిది ఓమ్స్ (రెసిస్టెన్స్) కొలత. కీ ఆఫ్ చేసి, కప్లర్ (వైర్లను వాల్వ్‌కు తగిలించే కనెక్టర్) ఊడదీసి, వాల్వ్ రెండు పిన్నుల మధ్య కొలవాలి. టొయోటా వీవీటీ-ఐ ఇంజిన్లకు ఇచ్చిన లెక్క 20 డిగ్రీల దగ్గర 6.9 నుంచి 7.9 ఓమ్స్. మిగతా కంపెనీల 12 వోల్టుల వాల్వులు కూడా చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉంటాయి. మీటర్‌లో ఏమీ రాకపోతే కాయిల్ తెగింది. ఒకటి రెండు ఓమ్సే చూపిస్తే లోపల షార్ట్.

ఇక్కడే చాలామంది పొరబడేది ఒకటుంది. రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 7.4 ఓమ్స్ ఉండే మంచి కాయిల్, మన మే నెల ఎండలో 40 డిగ్రీల నీడలో నిలిపిన బండిలోనే 8 చూపిస్తుంది. అప్పుడే ఆపిన ఇంజిన్ మీద, 90 డిగ్రీల దగ్గర, 9.4 దాకా పోతుంది. మాన్యువల్లో 7.9 అని రాసి ఉందని మంచి వాల్వ్‌ను పారేయకండి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడి మీద ఒకసారి కొలవండి. వేడికి అంకె పెరగడం సహజం. వేడి మీద మీటర్ పూర్తిగా తెగినట్టు చూపిస్తే మాత్రం వాల్వే దోషి.

వైరుకు ఓమ్స్ పరీక్ష ఒక్కటే చాలదు. లోపల పదహారు పోగుల్లో పదిహేను తెగి ఒకటే మిగిలినా మీటర్ ఒక ఓమ్ లోపే చూపించి బాగుందంటుంది, ఎందుకంటే మీటర్ పంపే కరెంటు చాలా తక్కువ. అందుకే బల్బు పరీక్ష మేలు. ఏడు ఓమ్స్ కాయిల్ 12 వోల్టుల దగ్గర సుమారు 1.7 ఆంపియర్లు లాగుతుంది. ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బు లాగేది కూడా దాదాపు అంతే. ఈసీఎం వైపు కప్లర్ కూడా ఊడదీసి, అనుమానమున్న వైరు గుండా బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి బల్బు వెలిగించండి. నిండుగా వెలుగుతుండగా హార్నెస్‌ను (వైర్ల కట్టను) వంచి, లాగి చూడండి. మినుకుమంటే తెగింది అక్కడే. ఈసీఎం తగిలించి ఉండగా ఈ పని చేయొద్దు.

కీ ఆన్ చేసి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడటం అన్ని బండ్లకూ వర్తించదు. కొన్నింటిలో రిలే నుంచి నేరుగా సప్లై వస్తుంది, ఈసీఎం ఎర్త్ వైపు మాత్రమే నడుపుతుంది. టొయోటాల్లో రెండు వైర్లూ ఈసీఎంకే పోతాయి, అక్కడ వోల్టులు కనిపించలేదని వైరు పోయిందనుకోవద్దు. రిలే రకం బండిలో పర్జ్ వాల్వ్ (పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి పంపేది), ఆక్సిజన్ సెన్సార్ హీటర్ కోడ్లు కూడా కలిసొస్తే, వాటన్నిటికీ సప్లై ఒకే చోటి నుంచి వస్తుండవచ్చు, కాబట్టి ముందు ఫ్యూజు చూడండి.

ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వుల పార్ట్ నంబరు ఒకటే అయితే అన్నిటికన్నా సులువైనది అదలాబదలా. వాల్వులు మార్చి పెట్టాక పి0010 కాస్తా పి0013 అయితే వాల్వ్ పోయింది. పి0010 అక్కడే ఉంటే వైరు, లేదా ఈసీఎం. నంబర్లు వేరైతే ఈ ప్రయోగం వద్దు.

కప్లర్ లోపల కూడా చూడండి. పచ్చటి చిలుము ఉందా, ఆయిల్ ఉందా? కాయిల్ గుండా ఆయిల్ కారితే వాల్వ్ మార్చక తప్పదు, కప్లర్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో కడగాలి. మీటర్ లావు సూదిని ఆడ పిన్నులోకి గుచ్చకండి. పిన్ను వెడల్పై, లేని తేడాను మీరే పుట్టిస్తారు.

బాగుచేయడంలో ఏది మేలు?

వైరు తెగితే, మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం అన్నిటికన్నా అధ్వాన్నం. ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగి వదులవుతుంది, లోపల చిలుము పడుతుంది. టంకం పెడితే కరెంటు బాగానే పోతుంది గానీ, టంకం ఆగిన చోట వైరు బిగుసుకుపోయి ఇంజిన్ అదురుకు అక్కడే తెగుతుంది. సరైన సైజు క్రింప్ స్లీవ్, దాని మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు మేలు. పాత వైరు మందానికి తగ్గకుండా వైరు వాడండి. రెండు అతుకులూ పక్కపక్కన రాకుండా మూడు నాలుగు సెంటీమీటర్లు ఎడం పెట్టండి. ఎలుక కొరికిన వైరైతే ఆ కట్ట మొత్తం విప్పి చూడాలి, ఒక్క వైరుతో ఆగడం అరుదు. మొత్తం హార్నెస్ మార్చడం అనేది ఆయిల్ లోపలిదాకా పాకినప్పుడో, వైర్లు కాలిపోయినప్పుడో తప్ప డబ్బు దండగ.

వాల్వ్ మార్చాల్సి వస్తే ఒరిజినలే కొనండి. డూప్లికేట్ కాయిల్ ఓమ్స్ సరిపోయినా స్పూల్ ఖాళీలు కొంచెం అటూఇటూ అయితే చాలు, పి0010 పోయి పి0011 వస్తుంది. కొత్త ఓ-రింగుకు ఇంజిన్ ఆయిల్ రాసి, మెలిపడకుండా నెట్టాలి. బోల్టు బిగింపు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అల్యూమినియం హెడ్ కాబట్టి బలం చూపొద్దు.

ఈసీఎం చివరి అనుమానం. అయితే షార్ట్ అయిన వాల్వ్ ఈసీఎంలో దాన్ని నడిపే డ్రైవర్ సర్క్యూట్‌ను కాల్చగలదు. కాయిల్ కొలవకుండా రిపేరైన ఈసీఎం తగిలిస్తే అదీ పోతుంది.

పని అయ్యాక కోడ్ తుడిచి, స్టార్ట్ చేసి, పెండింగ్ కోడ్లు (ఇంకా లైటు వెలిగించని కోడ్లు) చూడండి. కొన్ని బండ్లలో లైటు తేడా రెండో ట్రిప్పులో (రెండోసారి బండి నడిపినప్పుడు) కూడా కనిపిస్తే గానీ వెలగదు, కాబట్టి లైటు ఆరిందని కస్టమర్‌కు తాళం ఇచ్చేయకండి. ఇంజిన్ బాగా వేడెక్కాక హార్నెస్ ఊపుతూ మరోసారి స్కాన్ చేయండి.