ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో రీఛార్జి సెల్లులు, ఛార్జర్లు: వాడి చూసి చెబుతున్నవి

మా తిరుపతి ఇంట్లో సెల్లులతో నడిచేవి ఎన్ని ఉన్నాయో 2017లో ఒక ఆదివారం కూర్చుని లెక్కపెట్టాను. అత్తమ్మ బీపీ మిషన్‌కి నాలుగు, పిల్లోడి రిమోట్ కారుకి ఆరు, నా మౌస్‌కి ఒకటి, టీవీ, సెటప్ బాక్సు, ఏసీ రిమోట్లకి రెండేసి, గోడ గడియారాలకి రెండు, గ్యాస్ గీజరుకి లావువి రెండు. మొత్తం ఇరవై ఒకటి. వీటిలో ఆ కారు ఒక్కటే పది రోజులకొకసారి ఆరు సెల్లులు మింగేది. అయిపోయిన సెల్లులు కవర్లో వేసి చెత్తబండికి ఇస్తుంటే నాకే మనసొప్పలేదు. అట్ల మొదలైంది ఈ రీఛార్జి సెల్లుల పని.

మొదట చేసిన తప్పు ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే విసిగిపోయి మానేస్తారు. గాంధీ రోడ్డులో ఒక అంగడిలో నాలుగు సెల్లులు, ఒక ఛార్జరు కలిపి చౌకగా ఇచ్చారు. ప్లగ్గులో పెడితే ఎర్రలైటు వెలుగుతుంది. నిండినా అదే ఎర్రలైటు, నిండకపోయినా అదే. "రాత్రి పెట్టి పొద్దున తీయండి" అన్నాడు అంగడాయన. పొద్దున తీస్తే వేలికి చురుక్కుమనేంత వేడి. నాలుగు నెలలకే కారు ఐదు నిమిషాలు కూడా తిరగలేదు. సెల్లు మీద రాసిన సంఖ్య మాత్రం చాలా గొప్పగా ఉండేది.

అప్పుడు నేను తప్పంతా సెల్లులదే అనుకున్నా. ఇప్పుడైతే సగానికి పైగా ఛార్జరుదే అంటాను. ఈ రకం సెల్లు, అంటే నికెల్ మెటల్ హైడ్రైడ్, నిండేకొద్దీ దాని వోల్టేజీ పెరుగుతూ పోతుంది. పూర్తిగా నిండగానే కొన్ని మిల్లీవోల్టులు కిందికి జారుతుంది. మంచి ఛార్జరు ఆ చిన్న జారుడు కోసమే కనిపెట్టుకుని ఉంటుంది, కనబడగానే కరెంటు ఆపేస్తుంది. చౌక ఛార్జరుకి ఆ చూపు లేదు. నిండిన సెల్లులోకి కూడా కరెంటు తోస్తూనే ఉంటుంది, అదంతా వేడిగా మారి లోపలి తడిని ఎండగొట్టేస్తుంది. పైగా అవి రెండేసి సెల్లుల్ని ఒకే వరసలో కలిపి ఛార్జి చేస్తాయి. ఒకటి సగం, ఒకటి ఖాళీ అయితే ఆ సగంది ఉడికిపోవాల్సిందే. అందుకే ఛార్జరు కొనేటప్పుడు నేను అడిగే ప్రశ్నలు రెండే: ప్రతి సెల్లుకీ విడిగా లైటు ఉందా? ఒక్క సెల్లు పెడితే ఛార్జి చేస్తుందా, లేక జతగానే పెట్టమంటుందా? జతగానే అంటే దాన్ని అక్కడే వదిలేయండి.

రెండోసారి ఆన్‌లైన్‌లో ఎనెలూప్ అనే బ్రాండు తెల్ల రీఛార్జి సెల్లులు నాలుగు, పానసోనిక్ బీక్యూ-సీసీ17 ఛార్జరు తెప్పించుకున్నాను. కరకంబాడిలో బ్యాటరీలు చేసే అమరరాజా ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు మాది. ఇన్వర్టరు బ్యాటరీ గురించి ఏ అంగడిలో అడిగినా గంట సేపు చెబుతారు. మంచి రీఛార్జి పెన్సిల్ సెల్లులు కావాలంటే మాత్రం అప్పట్లో ఊరంతా తిరిగినా నాకు దొరకలేదు.

ఎనెలూప్ ఎందుకంటే, దాని గొప్ప ఛార్జి ఎక్కువ పట్టడంలో లేదు, పట్టింది పోకుండా ఉంచుకోవడంలో ఉంది. పాతకాలం రీఛార్జి సెల్లులు ఊరికే పెట్టినా నెలలో ఐదో వంతు దాకా కారిపోయేవి. అవసరానికి చేతిలోకి తీసుకుంటే ఎప్పుడూ ఖాళీయే. 2005లో సాన్యో కంపెనీ జపాన్‌లో ఈ ఎనెలూప్‌ని తెచ్చినప్పుడు మార్చింది ఆ ఒక్క విషయాన్నే, తర్వాత అది పానసోనిక్ చేతికి వచ్చింది. ఏడాది డబ్బాలో ఉన్నా ఛార్జి చాలావరకు అట్లే ఉంటుంది. ఇప్పుడు వేరే కంపెనీలవి కూడా ఈ రకం వస్తున్నాయి. డబ్బా మీద "ముందే ఛార్జి చేసినవి, కొనగానే వాడొచ్చు" అని ఉంటే సాధారణంగా ఈ రకమే.

ఇక మిల్లీ ఆంపియర్ అవర్ల లెక్క, అంటే సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే సంఖ్య. దీని మీద మా ఆయనకీ నాకూ పెద్ద వాదనే జరిగింది. తెల్ల ఎనెలూప్ కనీసం 1900, నల్ల ఎనెలూప్ ప్రో దాదాపు 2500. "డబ్బులు పెట్టేటప్పుడు ఎక్కువదే తీసుకుందాం" అని ఆయన. కానీ అప్పటి డబ్బాల మీదే తెల్లది 2100 సార్లు ఛార్జి చేసుకోవచ్చని, నల్లది 500 సార్లని రాసి ఉంది. ఎక్కువ పట్టాలంటే లోపలి పొరలు పలచన చేసి ఇరికించాలి, అప్పుడు ఆయుష్షు తగ్గుతుంది. ఇంట్లో వాడకానికి తెల్లవే చాలు, ఎనిమిదేళ్ళ తర్వాత కూడా నా మాట ఇదే. ఇక ఏఏ, అంటే మామూలు పెన్సిల్ సెల్లు సైజులో 3000 దాటి రాసి ఉంటే ఆ సెల్లు నాకు వద్దు. ఆ సైజు డబ్బాలో ఈ రసాయనంతో అంత పట్టదు.

2019లో లీటోకాలా లీ-500 అనే ఛార్జరు కొన్నాను. ఇది ఛార్జి చేయడమే కాకుండా సెల్లుని ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, ఎంత ఇచ్చిందో తెర మీద చూపిస్తుంది. కొన్న రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి, ఇంట్లో ఉన్న ప్రతి సెల్లునీ పెట్టి చూశాను. ఆ మొదటి చౌక సెల్లుల్లో ఒకటి పారేయకుండా డ్రాయరులో ఉండిపోయింది. 410 చూపించింది. రెండేళ్ళు వాడిన తెల్లవి 1900కి అటూ ఇటూ. మొన్న ఉగాదికి మళ్ళీ పెట్టి చూస్తే అదే నాలుగూ 1690 నుంచి 1760 మధ్యలో వచ్చాయి. దీంట్లో ఏఏ సెల్లులకి 700, సన్న ఏఏఏ సెల్లులకి 300 మిల్లీ ఆంపియర్ల కరెంటు పెడతాను. మెల్లగా ఛార్జి చేస్తే మంచిదని మరీ తక్కువ పెట్టకండి. కరెంటు బాగా తగ్గితే నిండినప్పటి ఆ జారుడు చాలా చిన్నదై ఛార్జరు పట్టుకోలేదు.

కరెంటు బిల్లు గురించి అత్తమ్మ ఒకసారి అడిగారు. నాలుగు సెల్లులు నిండడానికి పట్టేది పది వాట్ అవర్లు, వేడి కింద పోయేది కలుపుకున్నా ఇరవై అనుకోండి. అంటే ఒక యూనిట్‌తో యాభై సార్లు. ఆ మాట విన్నాక ఆమె మళ్ళీ అడగలేదు.

ఎండ మాత్రం పట్టించుకోవాల్సిందే. మే నెలలో మా మేడ మీద గది మధ్యాహ్నం పెనం లెక్క కాలుతుంది. నిండేటప్పుడు సెల్లు తనంతట తానే వేడెక్కుతుంది, దానికి గది వేడి తోడైతే సరిగ్గా నిండకముందే ఛార్జరు ఆపేస్తుంది. అందుకే ఎండాకాలంలో తెల్లారి ఐదింటికి లేచినప్పుడు పెడతాను, కింద హాల్లో, ఫ్యాను గాలి తగిలే చోట.

జతల విషయం నేర్పింది మా మరిది. ఆయన పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు, తిరుమలలో తెల్లవారుజాము ముహూర్తాలు ఎక్కువ. ఫ్లాష్‌కి నాలుగు సెల్లులు. మామూలు ఆల్కలైన్ వేస్తే కొన్ని ఫొటోలయ్యాక ఫ్లాష్ మళ్ళీ సిద్ధమవడానికి ఆగాలి, తాళి కట్టే క్షణం ఆగదు కదా. రీఛార్జి సెల్లులు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వగలవు, చివరిదాకా తడబడవు. తన సెల్లులన్నిటి మీదా మార్కరుతో అంకెలు ఉంటాయి. "వదినా, కలిపి కొన్నవి కలిపే వాడాలి, కలిపే ఛార్జి చేయాలి. ఒక్కటి మార్చినా సెట్టు చెడుతుంది" అన్నాడు. కారణం ఇది. ఒక పాత సెల్లు, మిగతావి కొత్తవి కలిపి కారులో వేస్తే పాతది ముందు ఖాళీ అవుతుంది. కారు ఇంకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మిగతావన్నీ ఆ ఖాళీ సెల్లు గుండా కరెంటుని తోస్తాయి, దాంట్లో వోల్టేజీ తిరగబడుతుంది. అట్ల నాలుగైదుసార్లు జరిగితే ఆ సెల్లు పని అయిపోయినట్టే. ఇప్పుడు మా ఫ్రిజ్ మీది స్వీటు డబ్బాలో ప్రతి సెల్లు మీదా అంకె, కొన్న సంవత్సరం రాసి ఉంటాయి. కారు నెమ్మదించగానే పిల్లోడే ఆపి సెల్లులు తీసుకొస్తాడు, ఆ అలవాటు చేయడానికి ఏడాది పట్టింది.

అన్నిటికీ ఇవే వేయమని నేను చెప్పను. గోడ గడియారానికి మామూలు జింక్ సెల్లు ఏడాది వస్తుంది, నెల్లూరు నిప్పో అయినా చాలు. గీజరు లావు సెల్లుల్లో రీఛార్జివి కొని చూస్తే బరువు తేలిగ్గా ఉంది, పైన సైజు లావుది, లోపల మాత్రం సన్న సెల్లే పెట్టి అమ్ముతున్నారు. దానికి ఆల్కలైన్ వేసేశాను. రిమోట్ల సంగతి వేరు. వాటికి కరెంటు పెద్దగా అక్కర్లేదు, కానీ మామూలు సెల్లులు మర్చిపోయి వదిలేస్తే కారి స్ప్రింగులు పచ్చగా తుప్పు పడతాయి. కోవిడ్ టైములో కొన్న ఆక్సిమీటరు అట్లే పోయింది, అవసరమైన రోజు తీస్తే లోపల తెల్లటి పొడి. రీఛార్జి సెల్లులు అంత తొందరగా కారవు. అందుకే ఆయుష్షు తగ్గిన వాటిని రిమోట్లలో వేస్తాను.

బీపీ మిషన్ గురించి చాలామంది భయపడతారు, 1.5 వోల్టులు కావాల్సిన చోట 1.2 వేస్తే పని చేయదేమోనని. ఆల్కలైన్ కూడా 1.5తో మొదలై వాడేకొద్దీ 1.2కి, ఇంకా కిందికి దిగుతుంది. రీఛార్జిది 1.2 దగ్గరే చాలాసేపు నిలబడుతుంది. అత్తమ్మ రోజుకి రెండుసార్లు చూసుకుంటారు, నాలుగు తెల్ల సెల్లులతో రెండు నెలలు దాటి వస్తోంది. తెర మీది బ్యాటరీ బొమ్మ మాత్రం కొంచెం ముందే సగానికి పడుతుంది, దాన్ని పట్టించుకోవద్దు.

1.2తో నిజంగా పేచీ పెట్టింది మా కాలింగ్ బెల్లు. దానికోసం రెండేళ్ళ కిందట యూఎస్‌బీ తీగ గుచ్చి ఛార్జి చేసే 1.5 వోల్టుల లిథియం సెల్లులు తెచ్చాను. లోపల లిథియం సెల్లు, దాని పైన వోల్టేజీ దించే చిన్న సర్క్యూటు. బెల్లుకి చక్కగా కుదిరాయి. మీద మిల్లీ వాట్ అవర్లలో రాస్తారు, 3000 అని చూసి మురిసిపోకండి, 1.5తో భాగిస్తే 2000 మిల్లీ ఆంపియర్ అవర్లే. రెండు మిగిలితే పాకాల దగ్గర మా ఊళ్ళో ఉన్న నాయనకి బ్యాటరీ లైటులో వేసి ఇచ్చాను. అది పెద్ద పొరపాటు. ఈ సెల్లులు చివరి క్షణం దాకా 1.5 ఇచ్చి ఒక్కసారిగా ఆగిపోతాయి. నాయన రాత్రి మామిడితోటలో మోటారు దగ్గరికి పోయినప్పుడు దారి మధ్యలో చీకటైంది. పాములు తిరిగే తావు అది. "చెప్పకుండానే ఆరిపోయిందే పాపా, పాతవైతే ఎర్రబడి చెబుతాయి కదా" అన్నాడు మరుసటి రోజు ఫోన్లో. నాకు ఆ రోజంతా గుండె దడ తగ్గలేదు. వెంటనే పోయి తెల్లవి వేసి వచ్చాను, వాటితో చివర్లో వెలుగు తగ్గుతూ పోతే మనిషి ఇంటిదారి పట్టడానికి టైము దొరుకుతుంది. ఆ లిథియంవి రేడియోలో వేద్దామంటే మీడియం వేవ్‌లో కడప స్టేషన్ వినపడకుండా జిర్రుమని మోత. ఆ సర్క్యూటు చేసే చప్పుడు అది.

ఛార్జి చేసే పెద్ద టార్చిలకి వచ్చే లావు లిథియం సెల్లుల్లో, అదే 18650 రకంలో, 9900 అని రాసినవి సంతలో కూడా అమ్ముతున్నారు. ఆ సైజులో పేరున్న మంచి సెల్లే సాధారణంగా 3500 దగ్గర ఆగుతుంది. నేను లీ-500లో పెట్టి చూసినది 1080 ఇచ్చింది. అటువంటివి ఛార్జి పెట్టి మంచం మీద, దుప్పటి పక్కన వదలకండి, నిద్రపోయేటప్పుడు అసలు వద్దు.

చనిపోయిన సెల్లులు విడిగా ఒక సీసాలో వేస్తున్నాను, లిథియంవాటి కొసలకి టేపు అంటించి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారుచేసేవాళ్ళది. తడిచెత్తలో మాత్రం కలపొద్దు.

మొన్న టెస్టులో 2018లో కొన్న రెండో సెట్టు 1150కి పడింది. ఆ నాలుగూ ఇకనుంచి సెటప్ బాక్సుకీ, ఏసీ రిమోట్‌కీ. కారుకి మళ్ళీ తెల్లవే ఆర్డరు పెట్టాను, మార్కరు డబ్బాలోనే ఉంది.