అంటు అడీనియం కొనేవారికి హెచ్చరిక: టేపు కింద ఏముందో చూడనిదే నమ్మకండి

ఆన్‌లైన్‌లో అడీనియం (ఎడారి గులాబీ) మొక్కలు తెప్పించుకోవాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదివాకే ఆర్డరు పెట్టండి. ముదురు ఎరుపు ముద్దపూలు పూసే అంటు మొక్కలంటూ ఒక విక్రేత పెట్టిన ఫొటోలను చూసి నేను రెండు మొక్కలు కొన్నాను. ఒకటి కొద్ది రోజులకే కుళ్ళిపోయింది. రెండోది బతికి పూసింది గానీ, పూసినవన్నీ అయిదు రేకుల మామూలు గులాబీ రంగు పూలు.

రెండో మొక్క సంగతే ముందు చెప్పాలి, ఎందుకంటే అసలు మోసం అందులోనే ఉంది. ముద్దపూల రకాల గింజలు నాటితే అవే పూలు వస్తాయన్న భరోసా లేదు కాబట్టి, గింజ నుంచి పెంచిన మామూలు మొక్కను మొదలుగా తీసుకొని, దాని తల కోసి, కోరిన రకం కొమ్మను దానిపై అంటు కడతారు. నాకు వచ్చిన మొక్కకు అంటు దగ్గర టేపు దళసరిగా చుట్టి ఉంది. చుట్టూ ఆకులు పచ్చగా, ఏపుగా ఉన్నాయి. పూలు చూసి అనుమానం వచ్చి టేపు విప్పితే, పైన అతికించిన కొమ్మ ఎండి, నల్లబడి, ముట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చింది. పచ్చగా కనిపించిన కొమ్మలన్నీ అంటుకు దిగువన, మొదలు నుంచి పుట్టుకొచ్చినవే. అందుకే కొనేముందు టేపు తీసిన అంటును దగ్గరగా చూపే వీడియో అడగండి. ఆకులు అతుకుకు పైనున్న కొమ్మకే ఉండాలి. కిందనుంచి వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు తుంచకపోతే మంచి అంటును కూడా అవి అణచివేస్తాయి.

ఇక కుళ్ళిన మొక్క. దాని దుంపకు, అంటే ఉబ్బిన కాండం మొదలుకు, ఒక పక్కన మట్టిరంగు పూత కనిపించింది. గీకి చూస్తే లోపల గోరు దిగేంత మెత్తగా, గోధుమరంగు నీరు కారుతూ ఉంది. నీళ్ళు ఎక్కువ పోసి ఉంటారని విక్రేత జవాబిచ్చాడు, కానీ నేను ఆ మొక్కకు అప్పటికి చుక్క నీరు కూడా పోయలేదు. ఆ తర్వాత సమాధానమే లేదు. ఇక్కడ ఒక తేడా గమనించాలి: ప్రయాణంలో నీరు లేక దుంప మొత్తం కాస్త వడలి, ముడతలు పడితే భయపడనక్కర లేదు, వేళ్ళు పట్టుకున్నాక అది మళ్ళీ గట్టిపడుతుంది. ఒకే చోట మెత్తబడి, నొక్కితే తడి తగిలితే మాత్రం అది కుళ్ళే. వెంటనే పదునైన శుభ్రమైన కత్తితో తెల్లని గట్టి కండ కనిపించేదాకా కోసి, గాయం పూర్తిగా ఆరేవరకు నీడలో ఉంచి, ఆ తర్వాతే ఇసుక పాలు ఎక్కువగా ఉండి నీరు నిలవని మట్టిలో నాటాలి. ఈ మొక్క పాలు విషపూరితం. ఆఫ్రికాలో బాణాల మొనలకు పూసేవారు. కాబట్టి కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి.

పార్శిల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. ఫిర్యాదుకు మిగిలే ఆధారం అదొక్కటే. విక్రేత ఫొటోను బొమ్మల వెతుకులాటలో (ఇమేజ్ సెర్చ్‌లో) పెట్టి చూడండి. నేను చూసి కొన్న ఫొటోలే మరికొన్ని దుకాణాల పేజీల్లో వేరే వేరే రకాల పేర్లతో కనిపించాయి.

గింజలు కొనేవారికి కూడా ఒక మాట. అడీనియంలో నీలం పూల రకం లేదు, కనుక నీలి అడీనియం గింజలని అమ్మేవాళ్ళ దగ్గర ఇంకేదీ కొనవద్దు. అసలు గింజ సన్నని గోధుమరంగు పుల్లలా ఉంటుంది, దానికి రెండు కొసలా పట్టులాంటి నూగు కుచ్చు ఉంటుంది. కుచ్చు రాలిపోయినా గింజ ఆకారం మారదు. గుండ్రని గింజలు పంపితే అవి ఏ మొక్కవైనా కావచ్చు, దీనివి మాత్రం కావు.