వీఆర్ హెడ్‌సెట్ కొనేముందు లెన్సు సంగతి చూడండి: రెండేళ్లు వాడాక రాస్తున్నది

కళ్లకు తగిలించుకుంటే చుట్టూ ఆట లోకమే కనిపించే వీఆర్ హెడ్‌సెట్ ఇది. రెండేళ్లుగా దాదాపు రోజు విడిచి రోజు పెట్టుకుని ఆడుతున్నాను. అంతకుముందు మూడేళ్లు ఇంకోటి వాడాను. చిప్ ఏది, స్టోరేజీ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అనేవి ఎక్కడ వెతికినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నది లెన్సు గురించి.

పాతదాంట్లో ఉన్నవి ఫ్రెనెల్ లెన్సులు. 1820లలో ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఆయన సముద్రం ఒడ్డున లైట్‌హౌస్‌ల కోసం తయారుచేసిన పద్ధతి అది. మందపాటి అద్దం బదులు వలయాలు వలయాలుగా గాడులు పెట్టిన పల్చటి అద్దం. లైట్‌హౌస్‌కి బాగానే పనికొచ్చింది. కంటికి బాగా దగ్గరగా పెట్టుకుంటే మాత్రం, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వచ్చినప్పుడల్లా ఆ గాడుల వల్ల వెలుగు చారలు చారలుగా చెదురుతుంది. దాన్నయినా భరించవచ్చు. అసలు బాధ ఏమిటంటే మధ్యలో చిన్న భాగమే స్పష్టంగా ఉండి, పక్కలకు పోయేకొద్దీ మసకబారుతుంది. ఆ మధ్య భాగాన్నే స్వీట్ స్పాట్ అంటారు.

నేను ఎక్కువగా ఆడేది కారు రేసులు. కారు నడిపేవాడు అద్దంలో చూడాలంటే కన్ను తిప్పుతాడు, మెడ మొత్తం తిప్పడు. నేను మాత్రం మూడేళ్లు కోడిలా మెడ తిప్పుతూ ఆడాను. పైగా లోపం నా చూపుదే అనుకుని కళ్లజోడు పవర్ కూడా చెక్ చేయించుకున్నాను.

తర్వాత కొన్నది పాన్‌కేక్ లెన్సులది, అంటే గాడులు లేకుండా, కాంతిని లోపలే అటూ ఇటూ తిప్పి పంపే పల్చటి లెన్సులు. మొదటి రోజు పెట్టుకున్నప్పుడు ఆట మొదలుపెట్టనే లేదు. మెనూలో ఒక మూలన గడియారం ఉంటుంది. తల కదపకుండా, కన్ను మాత్రం తిప్పి టైమ్ చదివాను. మళ్లీ చదివాను. ఇంట్లోవాళ్లని పిలిచి చూపిస్తే, గడియారం చూడటానికి ఇంత డబ్బు పోశావా అన్నారు. వాళ్లకేం తెలుసు!

స్పెసిఫికేషన్లు చూసి ఎంచుకునేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. మూడు హెడ్‌సెట్లు తీసుకోండి: ఒక్కో కంటికి పికో 4లో 2160×2160, క్వెస్ట్ 3లో 2064×2208, పీఎస్ వీఆర్2లో 2000×2040 పిక్సెళ్లు. కాగితం మీద మూడూ అన్నదమ్ములే. కానీ మొదటి రెండింటిలో పాన్‌కేక్ లెన్సులు, మూడోదాంట్లో ఫ్రెనెల్. పెట్టుకుని చూస్తే పోలికే ఉండదు. 2024లో వచ్చిన క్వెస్ట్ 3ఎస్‌లో చిప్ క్వెస్ట్ 3దే, లెన్సులు మాత్రం మళ్లీ ఫ్రెనెల్. ధర ఎక్కడ తగ్గిందో అర్థమైందిగా.

ఇక అసలు కథ. కొన్న పద్నాలుగు నెలలకు, ఒక సెలవురోజు పొద్దున ఆడుతుంటే ఫోన్ మోగింది. హెడ్‌సెట్ తీసి కిటికీ పక్క బల్ల మీద వెల్లకిలా పెట్టాను, లెన్సులు పైకి. ఫోన్ మాట్లాడుతూ వేరే గదిలోకి వెళ్లి, వేరే పనుల్లో పడి దాని సంగతే మర్చిపోయాను. సాయంత్రం పెట్టుకుంటే కుడివైపు ఒక మరక. లెన్సు మీద వేలిముద్రేమో అని గుడ్డతో తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచాను. ఎడమ కన్ను మూసి చూశాను, మరక ఉంది. కుడి కన్ను మూశాను, లేదు. అప్పుడు తెల్లటి స్క్రీన్ ఒకటి తెరిచి చూస్తే, పసుపు అంచుతో ముదురు చుక్కలు, చీమ పాకిన జాడలా ఒక చిన్న గీత.

గీత ఎందుకో వెలగడానికి కాసేపు పట్టింది. చిన్నప్పుడు భూతద్దం పెట్టి ఎండలో కాగితం కాల్చిన ఆట గుర్తుందా? అదే జరిగింది. కిటికీలోంచి పడిన ఎండని లెన్సు ఒక్క చుక్కగా పోగుచేసి స్క్రీన్ మీద పెట్టింది. పొద్దు జరిగేకొద్దీ ఆ చుక్కా జరిగింది, కాల్చుకుంటూ.

తయారీదారుకు ఫొటోలు పంపాను. జవాబు మర్యాదగానే వచ్చింది. ఎండ వల్ల పాడైతే వారంటీ వర్తించదట, స్క్రీన్ ఒక్కటే మార్చే ఏర్పాటు కూడా లేదట. కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించను? పెట్టెలో వచ్చిన కాగితం వెతికి చూస్తే, సూర్యుడి బొమ్మ మీద పెద్ద అడ్డగీత కొట్టి ఉంది. అంత బొమ్మ వేసినవాళ్లు లెన్సుల మీద తొడగడానికి ఒక మూత ఇస్తే ఏం పోయేదని మాత్రం ఇప్పటికీ అనుకుంటాను.

విచిత్రం ఏమిటంటే ఆటల్లో ఆ మచ్చ పెద్దగా అడ్డురాదు. పాటకు తగ్గట్టు కత్తులతో దిమ్మెలు నరికే బీట్ సేబర్‌లో వెనకంతా చీకటే కాబట్టి కనిపించదు. రేసుల్లో రోడ్డు మీద పడ్డాక మర్చిపోతాను. ఆకాశం బాగా తెల్లగా ఉన్నప్పుడు, మెనూలో అక్షరాలు చదివేటప్పుడు మాత్రం గుచ్చుతుంది. నా ముద్దుల గడియారం ఉన్నది సరిగ్గా ఆ పక్కనే.

పాన్‌కేక్ వచ్చాక ఇక వేరేవాటి వైపు చూసే పనే లేదని మొదట్లో అందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. మొన్న ఒక స్నేహితుడి దగ్గర పీఎస్ వీఆర్2ని పీసీకి కలిపి హాఫ్-లైఫ్: అలెక్స్ అనే ఆట ఆడాను. ప్లేస్టేషన్ కోసం చేసిన ఆ హెడ్‌సెట్‌ని పీసీకి కలిపే అడాప్టర్ 2024 ఆగస్టులో వచ్చింది. సోనీ చెప్పిన ప్రకారం దాంతో కలిపితే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా పెంచి చూపేది), ఐ ట్రాకింగ్ (కన్ను ఎటు చూస్తోందో పసిగట్టేది) పనిచేయవు. అయినా ఒక్కో పిక్సెల్ తనంతట తానే వెలిగి ఆరే ఆ ఓఎల్‌ఈడీ తెర మీద చీకటి నిజంగా చీకటిలా ఉంది. చేతిలో టార్చిలైటు ఆరితే గుండె ఝల్లుమంది. నాదాంట్లో ఉన్నది వెనక నుంచి దీపం వెలిగే ఎల్‌సీడీ. చీకటి సొరంగమంటే బూడిదరంగు గోడలే. దానికి తోడు పాన్‌కేక్ లెన్సు వెలుగుని తినేస్తుంది. సగం కాంతినే వదిలే అద్దం మీదుగా కాంతి రెండుసార్లు పోవాలి కాబట్టి, స్క్రీన్ ఇచ్చినదాంట్లో నాలుగో వంతుకు మించి కంటికి చేరదు. ఇన్నాళ్లూ ఆ తేడా నాకు తెలియకపోవడానికి కారణం, పక్కపక్కన పెట్టి చూడకపోవడమే. కానీ అక్కడ కూడా పది నిమిషాలకే మెడ కోడిలా తిరగడం మొదలుపెట్టింది.

కాబట్టి నాలాగా కళ్లజోడు ఉండి, కూర్చుని రేసులో విమానాలో నడుపుతూ డయళ్లు, అక్షరాలు ఎక్కువ చదివేవాళ్లయితే పాన్‌కేక్ తప్ప వేరేది వద్దంటాను. చీకటి హారర్ ఆటలే ప్రాణమై, వైరుతో ఇబ్బంది లేకపోతే ఓఎల్‌ఈడీది ఒకసారి పెట్టుకుని చూశాకే డబ్బు కట్టండి. పిల్లలు వారానికోసారి గెంతులేసే ఆటల కోసమైతే ఫ్రెనెల్‌ది చాలు, వాళ్లు మూలలు చూడరు. నా కళ్లకి ఐపీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, 66 మిల్లీమీటర్లు. క్వెస్ట్ 3ఎస్‌లో ఉన్నట్టు లెన్సుల మధ్య దూరానికి 58, 63, 68 అని మూడే మెట్లుంటే నాకు అటూ ఇటూ కాకుండా పోతుంది. మీది ముందే కొలిపించుకోండి.

మచ్చ ఉన్న ఈ హెడ్‌సెట్‌నే ఇంకా వాడుతున్నాను. ఆట అయ్యాక అలమారలో పెడతాను. లెన్సుల మీద పాత సాక్సు ఒకటి అడ్డం.