విల్లో గుడిసె, విల్లో దడి: ఎనిమిది చలికాలాల తర్వాత

విల్లో అనగానే మనవాళ్లకు క్రికెట్ బ్యాటే గుర్తొస్తుంది. బ్యాటుకు వాడేది తెల్ల విల్లోలో ఒక రకం, నిటారుగా ఎదిగే పెద్ద చెట్టు. ఇక్కడ మాట్లాడుతున్నది బుట్టలల్లే రకాల గురించి. ఆకు రాలాక కోసిన పచ్చి కర్రను నేలలో గుచ్చితే మునగ కొమ్మలాగే వేరు పోసుకుంటుంది. అయితే మునగ కొమ్మను వంచితే విరుగుతుంది, ఇది మూడు మీటర్ల కర్ర అయినా విల్లులా వంగుతుంది. అందుకే తడిక అల్లినట్టు అల్లి, ఆ అల్లికనే చిగురింపజేయొచ్చు. కంచె, మొక్కల వరస రెండూ తానే అయ్యే ఇలాంటి దడిని ఇంగ్లండులో ఫెడ్జ్ అంటారు.

ఈ కర్రలతో మేం దడి, పిల్లల ఆటకు గుడిసె, లోపల నడిచి వెళ్లే సొరంగం వేశాం. ముందే తీర్పు చెప్పేస్తాను. దడికి నూటికి తొంభై. గుడిసెకు అరవై, అదీ ఇంట్లో చిన్నపిల్లలుంటేనే. సొరంగం మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా మళ్లీ పాతను.

మాది ఇంగ్లండులో రెడింగ్ దగ్గర బంకమట్టి నేల. ఇంటి గోడకూ మురుగు పైపులకూ 14 మీటర్ల దూరంలో, తోట చివర, 1.8 మీటర్ల వ్యాసంతో గుడిసె, 6 మీటర్ల పొడవు దడి, రెంటినీ కలుపుతూ 3 మీటర్ల సొరంగం. మూడూ ఒకే ఫిబ్రవరిలో పాతినవి. సొరంగాన్ని అయిదో ఏట పెరికేశాం.

అన్నిటికన్నా ముందు కర్ర. పచ్చి కర్ర తప్ప ఏదీ మొలవదు. అమ్మేచోట బ్రౌన్, బఫ్, వైట్ అని మూడు పేర్లు కనిపిస్తాయి. మొదటిది బెరడుతో ఎండబెట్టింది, రెండోది ఉడకబెట్టి బెరడు ఒలిచింది, మూడోది పచ్చిగా ఉన్నప్పుడే ఒలిచింది. మూడూ బుట్టల సరుకే. మనక్కావలసింది లివింగ్ అని రాసి ఉన్నది. అదైనా చేతికి రాగానే గోటితో గీరి చూడాలి. బెరడు కింద తడిగా, పచ్చగా ఉంటే మంచిది. గోధుమరంగు కనిపించినా, బెరడు ముడతలు పడినా వెనక్కి పంపండి. గుడిసె కట్టుకోవడానికని అమ్మే కిట్ మాకు మొదట వచ్చినప్పుడు అందులో సగం కర్రలకు మొగ్గలు అప్పటికే విచ్చుకుని ఉన్నాయి. మొగ్గ విచ్చిన కర్ర తనలో దాచుకున్న శక్తినంతా ఆకుకే పెడుతుంది, వేరుకు మిగలదు. ఏప్రిల్‌లో పచ్చగా కళకళలాడి, జూన్‌లో నిలువునా ఎండుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో అప్పటికి మనకు గుర్తుండదు, నీళ్లు చాల్లేదేమో అనుకుంటాం.

పాతే కాలం నవంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా. కర్రలు వచ్చిన రోజే పాతలేకపోతే మొదళ్లు ఒక జానెడు మునిగేలా బకెట్లో నిలబెట్టి, నీడలో ఉంచి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. రెండు వారాలు దాటితే నీళ్లలోనే తెల్లని వేళ్లు వచ్చేస్తాయి. గుచ్చేటప్పుడు అవన్నీ విరిగిపోతాయి.

కిట్ కొనాలా వద్దా అని అడిగితే, వద్దు. అందులో ఉండేవి కర్రలు, కాస్త పురికొస, నల్లగుడ్డ ముక్క, ఒక కాగితం. నైరుతి ఇంగ్లండులోని సోమర్‌సెట్‌లో కర్రను మోపుల లెక్కన అమ్మే రైతుల దగ్గర అదే సరుకు దాదాపు సగం ధరకు దొరుకుతుంది. అక్కడి లోతట్టు నేలల్లో విల్లో తోటలు ఇప్పటికీ ఉన్నాయి. స్టోక్ సెయింట్ గ్రెగరీ అనే ఊళ్లో ఒక కుటుంబం 1819 నుంచీ ఇదే పనిలో ఉంది. కొలత మాత్రం అడుగుల్లోనే చెబుతారు: గుడిసె నిలువు కర్రలకు 10 అడుగులవి, దడికి 8 అడుగులవి అడగండి.

రకం విషయంలో మేం చేసిన పొరపాటు అన్నిటికీ విమినాలిస్ అనే రకం వాడటం. సాలిక్స్ అంటే విల్లోకు శాస్త్రీయ నామం; ఈ సాలిక్స్ విమినాలిస్ ఒక్క వేసవిలో రెండున్నర, మూడు మీటర్ల చిగుళ్లు వేస్తుంది. గుడిసె త్వరగా నిండుతుంది, అదే వేగంతో నెత్తికెక్కుతుంది. దడికి సాలిక్స్ పర్పూరియా నయం. సన్నగా, నెమ్మదిగా పెరుగుతుంది, కత్తెర పని సగం. దాని బెరడు చేదు కాబట్టి కుందేళ్లు, జింకలు కూడా పెద్దగా ముట్టవు. ఆ చేదంతా సాలిసిన్, ఆస్పిరిన్‌కు మూలమైన పదార్థం. రంగు కావాలంటే సాలిక్స్ ఆల్బా విటెల్లినా వేయొచ్చు, చలికాలంలో గుడ్డులో పచ్చసొన రంగు కొమ్మలు. వదిలేస్తే మాత్రం అది చెట్టైపోతుంది.

ఇక పాతడం. ముందు 1 మీటరు వెడల్పున గడ్డి చెక్కి, కలుపు రాకుండా నల్లగుడ్డ పరచాలి. ఈ గుడ్డ లేకుండా పాతినవాళ్ల దడులు చూశాను, గడ్డి మొదటి వేసవిలోనే గెలుస్తుంది. విల్లో వేరు మొదట్లో పైపైనే ఉంటుంది, గడ్డి వేళ్లూ అక్కడే ఉంటాయి, నీళ్లు ఎవరికి ముందు దొరికితే వాళ్లవి. గుడ్డలో చిన్న గాటు పెట్టి, గునపంతో 30 సెంటీమీటర్ల గుంత దించి, కర్ర మొదలును ఏటవాలుగా కోసి గుచ్చాలి. గునపం లేకుండా కర్రనే నేరుగా గుచ్చితే బంకమట్టిలో బెరడు చీలుతుంది. గుచ్చాక చుట్టూ కాలితో గట్టిగా తొక్కాలి. లోపల గాలి మిగిలితే ఆ భాగంలో వేరు రాదు. తలకిందులు కాకుండా చూసుకోండి, మొగ్గల మొనలు ఆకాశం వైపు ఉండాలి. చీకటిపడే వేళ నలభయ్యో కర్ర పాతుతున్నప్పుడు ఈ పొరపాటు నిజంగానే జరుగుతుంది.

1.8 మీటర్ల గుడిసె చుట్టుకొలత సుమారు 5.65 మీటర్లు. గుమ్మానికి 60 సెంటీమీటర్లు తీసేస్తే మిగిలినదానికి 25 సెంటీమీటర్లకొకటి చొప్పున 21 నిలువు కర్రలు. గుమ్మం పక్కన రెండూ జంటగా వేయాలి, మొత్తం 23. మూలం వైపు 90 సెంటీమీటర్లు నిటారుగా వదిలి, అక్కణ్ణుంచి మెల్లగా లోపలికి వంచి, ఎదురెదురు కర్రలను నడినెత్తిన 40 సెంటీమీటర్లు ఒకదానిమీదొకటి పెట్టి కడితే ఎత్తు 1.8 మీటర్లు వస్తుంది. వంచేటప్పుడు బొటనవేలు కర్ర కింద ఆనించి, చెయ్యి కొంచెం కొంచెంగా పైకి జరుపుకుంటూ పోవాలి. చివర పట్టుకుని ఒక్క లాగు లాగితే మధ్యలో టప్పుమంటుంది. గడ్డకట్టే చలి ఉన్న పొద్దున వంచొద్దు, మధ్యాహ్నం దాకా ఆగండి.

కిట్ కాగితంలో నిలువు కర్రల మధ్య 40 ఏటవాలు కర్రలు కూడా నేలలో పాతమని ఉంది. ఈ సలహాతోనే నాకు పేచీ. మొదటి వేసవి చివరికి నిలువువాటిలో రెండే పోతే, ఏటవాలువి పదకొండు పోయాయి. కారణం చెట్టు స్వభావమే. నిటారుగా ఉన్న కొన ఎదుగుతుంది, పడుకున్న కొన వెనకబడుతుంది. రెండూ ఒకే నేలలో, ఒకే నీటికి పోటీపడితే పడుకున్నదే ఓడుతుంది. ఇప్పుడైతే ఏటవాలువి పాతకుండా వదిలేసి, రెండో చలికాలంలో నిలువు కర్రలకు వచ్చిన పక్కకొమ్మలనే అడ్డంగా అల్లుతాను. గుడిసె ఒక ఏడాది ఆలస్యంగా నిండుతుంది, నష్టమేమీ లేదు.

దడి సంగతి వేరు. అందులో అన్నీ ఏటవాలే కాబట్టి ఎవరిదీ పైచేయి కాదు. 20 సెంటీమీటర్లకు ఒకటి కుడివైపు వాలుగా, ఒకటి ఎడమవైపు వాలుగా, 6 మీటర్లకు 60 కర్రలు. నేలకు 60 డిగ్రీల కోణంలో నిలబెడితే 1.5 మీటర్ల ఎత్తుకు 8 అడుగుల కర్ర బాగా సరిపోతుంది. 45 డిగ్రీలకు పడుకోబెడితే గళ్లు అందంగానే ఉంటాయి కానీ కింది సగం త్వరగా బోసిపోతుంది. పైఅంచున సన్నని బరికెలు నాలుగు కలిపి జడలా అల్లితే దడి గాలికి ఊగదు. కర్రలు కలిసేచోట గట్టిగా కడితే మూడు నాలుగేళ్లలో బెరడు రాసుకుని, రెండు కర్రలూ ఒకటిగా అతుక్కుపోతాయి. మా దడిలో అలాంటి అతుకులు చాలా ఉన్నాయి. చేత్తో తడిమితే కణుపులా తగులుతుంది.

కట్టడానికి ప్లాస్టిక్ టై వాడొద్దు. కొమ్మ లావెక్కుతుంది, టై సాగదు. రెండో ఏడాది విప్పడం మరిచిపోయిన ఒకచోట బెరడు టైని మింగేసింది, దానిపై భాగం చచ్చింది. జనపనార పురికొస అయితే ఏడాదిన్నరకు తనే చీకిపోతుంది.

మొదటి వేసవి నీళ్లు ఎక్కువైనా పర్లేదు, తక్కువైతే కుదరదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి, వాన లేకపోతే రెండుసార్లు, మొదళ్ల దగ్గర నేల బాగా నానేలా పెట్టాలి. రోజూ పైపైన చిలకరిస్తే వేరు పైకే వస్తుంది. రెండో ఏడు నుంచి తోటలో అన్నిటికన్నా తక్కువ నీళ్లు అడిగింది ఇదే.

అసలు పని చలికాలం కత్తిరింపు. దాని గురించి కిట్ కాగితంలో ఒక్క వాక్యమే ఉంటుంది. మొదటి చలికాలం గంటన్నరలో అయిపోయింది. ఇప్పుడు గుడిసె, దడి కలిపి ఒక పూర్తి రోజు, దాంతోపాటు కొమ్మలు కట్టలు కట్టడానికి ఇంకో పూట. ఒక్క ఏడాది మానేశాం. మరుసటి చలికాలానికి గుడిసె నెత్తిన మూడు మీటర్ల పైన, బొటనవేలంత లావు కొమ్మలు గుబురుగా నిలబడ్డాయి, అడుగున ఒక్క చిగురు లేదు. వంచిన కర్రలో వంపు పైభాగాన ఉన్న మొగ్గలే ముందు లేస్తాయి, సారమంతా అక్కడే ఆగుతుంది. పైన నీడ పడితే కింద చిగురు చస్తుంది. కాబట్టి పైకొమ్మలను మొదలంటా కొట్టాలి, పక్కన వచ్చినవాటిలో అవసరమైనవే అల్లికలోకి వంచి, మిగతావి రెండు మొగ్గలు ఉంచి కత్తిరించాలి. జూన్ చివర్లో ఒక తేలిక కత్తిరింపు కూడా చేస్తే శీతాకాలం పని తగ్గుతుంది, ముందు పిట్టగూళ్లు లేవని చూసుకోండి. చిగురు పూలు తేనెటీగలకు పనికొస్తాయి కాబట్టి దడిలో ఒక మీటరు ముక్కను మార్చి దాకా వదిలేస్తాం.

పచ్చి విల్లోకూ ఎండు విల్లోకూ ఉన్న తేడా పెద్ద కట్టడాల్లోనూ కనిపిస్తుంది. జర్మనీలో ఆవర్‌ష్టెట్ అనే ఊళ్లో 1998లో వాస్తుశిల్పి మార్సెల్ కాల్బెరర్ ఆధ్వర్యంలో సుమారు 300 మంది వాలంటీర్లు విల్లోతో బతికున్న మంటపమే కట్టారు. ఇంగ్లండులో ఎం5 రహదారి పక్కన, బ్రిడ్జ్‌వాటర్ దగ్గర 2000లో నిలబెట్టిన 12 మీటర్ల విల్లో మనిషి బొమ్మ అలాంటిది కాదు. ఇనుప చట్రం మీద ఎండు విల్లో అల్లిక. అది ఏళ్లకేళ్లు శిథిలమవుతూ వచ్చింది. ఎండు విల్లో కొన్నేళ్లకు రాలిపోతుంది, పచ్చి విల్లో కొన్నేళ్లకు మీదపడుతుంది. ఏది కావాలో కొనేముందే తేల్చుకోండి.

పురుగుల్లో పెద్దది పేనుబంక. మామూలు పేనుబంక కాదు, 5 మిల్లీమీటర్లు ఉంటుంది, వీపు మీద షార్క్ రెక్కలాంటి మొన. ఆగస్టు చివర నుంచి చలి ముదిరేదాకా బెరడు కనిపించనంత దట్టంగా పడుతుంది. నలిపితే వేళ్లకు ఎర్రటి మరక, పిల్లల చొక్కాలకు అంటితే వదలదు. అవి కార్చే బంకకు కందిరీగలు మూగుతాయి, తర్వాత మసి తెగులు. గుడిసెకు అరవై మార్కులే ఇవ్వడానికి ఇదొక కారణం: సెప్టెంబరంతా పిల్లల్ని లోపలికి పంపలేం. పైపుతో గట్టిగా నీళ్లు కొడితే తాత్కాలికంగా రాలతాయి. ఆకుల మీద నారింజ పొడిలా కనబడేది తుప్పు తెగులు. వానలు ఎక్కువైన ఏళ్లలో వస్తుంది, ఆకు ముందే రాలుతుంది, చెట్టు చావదు. రాలిన ఆకు ఊడ్చేస్తే చాలు. నీలి పెంకుపురుగులు ఆకును జల్లెడ చేస్తాయి కానీ మళ్లీ చిగురిస్తుంది. నిజంగా కర్రలను చంపింది గడ్డికోత స్ట్రిమ్మరే. దాని తీగ కర్ర మొదలు చుట్టూ ఒక్కసారి బెరడు లేపేస్తే ఆ కర్ర పని అయిపోయినట్టే.

సొరంగం ఎందుకు పెరికామంటే, 1 మీటరు వెడల్పున వేశాం. ఆకు వచ్చాక రెండు వైపులా 20 సెంటీమీటర్లు లోపలికి పెరిగి, నడవడానికి 60 మిగిలింది. లోపల వెలుగు లేక లోపలి చిగుళ్లు చచ్చి ఎండుపుల్లలై కళ్లకు గుచ్చుకోసాగాయి, దారి ఏడాది పొడవునా బురద. వేయాలనే ఉంటే 1.5 మీటర్లకు తగ్గకండి, దారికి చెక్కపొట్టు పోయండి. పెరకడం కూడా తేలిక కాదు. నేలలో మిగిలిన మోళ్లు రెండేళ్లపాటు చిగుళ్లు వేస్తూనే ఉన్నాయి.

కత్తిరించిన కొమ్మల గురించి ఒక హెచ్చరిక. చిక్కుడు తీగకు ఊతంగా బాగుంటాయని పచ్చివే గుచ్చాం. జూన్‌కు చిక్కుడుకన్నా ఊతమే ఎక్కువ ఎత్తు పెరిగింది. ఊతాలకు కావాలంటే ఏడాది నీడలో ఎండబెట్టండి. కంపోస్టు గుట్టలో పచ్చి ముక్కలు వేసినా అంతే. అదే గుణాన్ని వాడుకోవాలంటే, పెన్సిలంత లావు ముక్కలను 25 సెంటీమీటర్లకు కోసి, పైన రెండు మొగ్గలు మిగిలేలా గుచ్చి, మొదటి చలికాలం నేలమట్టానికి నరికేస్తే, రెండో ఏటి నుంచి కర్రలు కొనక్కర్లేదు.

ఇంటికి దగ్గరగా మాత్రం పాతకండి. బంకమట్టి ఎండాకాలంలో కుంచించుకుంటుంది, విల్లో ఆ నీటిని ఇంకా లాగేస్తుంది, పునాది కదిలితే ఇన్సూరెన్సువాళ్లు మొదట అడిగేది చెట్ల గురించే. ఏటా కత్తిరించినా సరే, కనీసం 10 మీటర్లు వదలాలి. అంత దూరం లేని, గోడకు గోడ ఆనుకుని వరసగా ఉండే ఇళ్ల పెరళ్లకు ఇది పనికిరాదు.

హైదరాబాదులో వేయొచ్చా అని అడిగేవాళ్లకు: ఇంత పొడవాటి, ఆకు రాలిన, నిద్రపోతున్న కర్ర కావాలంటే నిజమైన చలికాలం కావాలి. అక్కడ దడి కోసం గ్లైరిసిడియా కొమ్మలు పాతుకోవడమే తెలివైన పని. మొలుస్తాయి, కాకపోతే తడికలా అల్లుకోవు.

ఈ ఫిబ్రవరిలో గుడిసెకు దక్షిణం వైపు మూడు నిలువు కర్రలు మార్చాలి, స్ట్రిమ్మరు చంపినవే. కావలసిన పది అడుగుల కర్రలు గుడిసె నెత్తి మీదే పెరిగి ఉన్నాయి, కోసి కిందకు దించడమే ఆలస్యం.