పిల్లోడిని మార్చే థెరపీనా, పిల్లోడికి తగ్గట్టు మారే థెరపీనా: ఏది మేలు?

అనంతపురంలో ఇప్పుడు థెరపీ సెంటర్లకు కొదవలేదు, కర్నూలు, కడపల్లోనూ అంతే. బోర్డుల మీద అన్నిచోట్లా ఒకటే ఉంటుంది: ఆటిజం, ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం), స్పీచ్ (మాట నేర్పే థెరపీ), ఓటీ (రోజువారీ పనులు చేసుకునేట్టు సాయపడే ఆక్యుపేషనల్ థెరపీ). లోపల జరిగేది మాత్రం రెండు రకాలు. ఒకటి, పిల్లోడు చూసేవాళ్ళ కళ్ళకు 'నార్మల్'గా కనబడేట్టు తయారుచేసేది. రెండోది, వాడి మెదడు పనిచేసే తీరే అంత అని ఒప్పుకుని, వాడికి ఏది కష్టమవుతోందో దాన్ని తగ్గించేది. దీన్నే అఫర్మింగ్ థెరపీ అంటున్నారు. నన్నడిగితే రెండోదే మేలు, అయితే ఆ పేరు చెప్పిన ప్రతి చోటా కాదు.

మా అక్క కొడుకును మొదట చేర్పించిన చోట (పేరెందుకులే) టీచరమ్మ ఒక జెమ్స్ బిళ్ళ తన కంటి పక్కన పట్టుకుని "నన్ను చూడు" అనేది. చూస్తే బిళ్ళ వాడి నోట్లోకి, చూడకపోతే తిరిగి డబ్బాలోకి. చేతులు ఊపితే "హ్యాండ్స్ డౌన్" అని ఒళ్ళో పెట్టించేది. కొన్నాళ్ళకు వాడు కళ్ళల్లోకి చూడటం నేర్చుకున్నాడు, ఇంట్లో అందరికీ సంబరమే, కానీ అక్కడి నుంచి రాగానే బీరువా వెనక దూరి ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఆ చూపు వాడికి ఏం పనికొచ్చిందో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈ పద్ధతికి ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్) అని పేరు. దీనికి పేరు తెచ్చింది అమెరికాలో లోవాస్ అనే సైకాలజిస్టు 1987లో వేసిన అధ్యయనం: వారానికి 40 గంటలు నేర్పిస్తే 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు పిల్లల్లా అయ్యారన్నారు. అయితే ఈ థెరపీ ఏ పిల్లలకివ్వాలో, పోల్చి చూడటానికి ఏ పిల్లలకివ్వకూడదో చీటీలు వేసి తేల్చలేదు, కాబట్టి ఆ లెక్కను పూర్తిగా నమ్మలేం. గట్టిగా "నో" అని అరవడం, తొడ మీద కొట్టడం కూడా అందులో ఉండేవి. ఇప్పుడు చాలామంది కొట్టరు, పద్ధతీ మెత్తబడింది, అది ఒప్పుకోవాల్సిందే. బాత్రూమ్ అలవాటు చేయడం, రోడ్డు దాటడం లాంటివి చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పించడంలో వాళ్ళకు చేయి తిరిగి ఉంటుంది కూడా. నాకు నచ్చనిది పెట్టుకునే లక్ష్యం. చేతులు ఊపడం ఎవరికి ఇబ్బంది? వాడికా, పెళ్ళిలో పక్కన కూర్చున్న చుట్టాలకా? తనలా తాను ఉండకుండా ఎప్పుడూ నటిస్తూ బతికే ఆటిజం ఉన్న పెద్దవాళ్ళలో ఆందోళన, డిప్రెషన్ ఎక్కువని అధ్యయనాలు చెప్తూనే ఉన్నాయి.

గూగూడు కుళ్ళాయప్ప దగ్గరికి మొహర్రంకు పోయే కుటుంబం అనుకోండి. అక్కడి డప్పులు, జనం సంగతి తెలిసిందే కదా. మొదటి రకం సెంటర్లో లక్ష్యం ఇలా రాస్తారు: "పిల్లోడు ఏడవకుండా అరగంట నిలబడాలి." రెండో రకం థెరపిస్టు ముందు అసలు బాధ దేంతోనో కనుక్కుంటుంది: చప్పుడా, తోపులాటా, ఎండా? చప్పుడే అయితే చెవులకు హెడ్‌ఫోన్ పెట్టడం, జనం లేని పొద్దున పూట పోవడం, "ఇంక చాలు" అని చూపించడానికి ఒక బొమ్మ కార్డు చేతికివ్వడం, కార్డు చూపిన వెంటనే మనం నిజంగానే బయటికి తీసుకురావడం. ఈ చివరిది మన పెద్దవాళ్ళకే కష్టం.

అయితే అఫర్మింగ్ అంటే వదిలేయడం కాదు. "వాడే మాట్లాడతాడులే" అని కూర్చోబెట్టి, ఊయల ఊపి ఫీజు తీసుకునే చోట్లూ ఉన్నాయి. మాట రాకపోతే బొమ్మల కార్డులో, ట్యాబో వెంటనే ఇవ్వాలి, వాటివల్ల మాట ఆగిపోతుందన్నది వట్టి భయం. తల గోడకేసి కొట్టుకునే పిల్లోడికైతే ముందు చెవినొప్పో, పంటినొప్పో, మలబద్ధకమో ఉందేమో డాక్టరుకు చూపించాలి.

పెద్దవాళ్ళ ట్రామా (మనసుకు తగిలిన పెద్ద గాయం) విషయంలో పోలిక ఇంకొంచెం చిక్కు. ఫ్యాక్షన్ గొడవల్లో నాన్నను పోగొట్టుకున్నవాళ్ళు, బడిలో బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళు, అప్పులకు భర్త ఉరేసుకుంటే కళ్ళారా చూసినవాళ్ళు మన సీమలో తక్కువేం కాదు. వాళ్ళకు దొరికేది సాధారణంగా "జరిగిందేదో జరిగింది, మర్చిపో" అనే సలహా, లేకపోతే మొదటి రోజే అంతా చెప్పమనే కౌన్సిలర్. రెండూ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పీటీఎస్‌డీకి (ఆ గాయం ఏళ్ళు గడిచినా వదలకుండా వేధించే జబ్బుకు) సిఫారసు చేసినవి ట్రామా మీద పనిచేసే సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల థెరపీ), ఈఎండీఆర్ (జరిగింది గుర్తు చేసుకుంటూ అటూ ఇటూ కదిలే వేలిని కళ్ళతో వెంబడించే థెరపీ). వీటినే మనిషికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఆటిజం కూడా ఉన్న మనిషికి ఊగే వేలిని కళ్ళతో వెంబడించడం చిరాకనిపిస్తే అరచేతుల మీద మార్చి మార్చి తట్టడంతో చేస్తారు, "ఎలా అనిపిస్తోంది?" అంటే చెప్పలేని మనిషిని "ఒంట్లో ఎక్కడ బిగుసుకున్నట్టుంది?" అని అడుగుతారు. అలా అడగాలని తెలిసిన థెరపిస్టు దొరికితే వదులుకోవద్దు.

ఇక దగ్గరా, దూరమా? అనంతపురం నుంచి బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు, కర్నూలు నుంచి సికింద్రాబాద్‌లో ఇలాంటి పిల్లల కోసం ఉన్న జాతీయ సంస్థ నీపిడ్‌కు రెండొందల కిలోమీటర్ల పైమాటే. అసలు సమస్య ఏంటో తేల్చుకోవడానికి ఒకసారి పోవడం మంచిదే, కానీ వారం వారం బస్సులో ఊగి ఊగి దిగిన పిల్లోడితో ఏ థెరపిస్టు ఏం చేయగలడు? వారానికొకసారి ఊళ్ళోనే, మిగతా రోజులు ఇంట్లో మనం. పెద్దవాళ్ళకైతే తెలుగులో మాట్లాడే ఆన్‌లైన్ థెరపిస్టు, బెంగళూరులోని ఇంగ్లిష్ థెరపిస్టు కంటే నయం. ఏడుపొచ్చినప్పుడు ఇంగ్లిష్ వెతుక్కోవడం ఎవరి వల్ల అవుతుంది? డబ్బు లేదు, రాత్రి పూట టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తుంది కాబట్టి యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) పెట్టుకోండి, కేంద్ర ప్రభుత్వ నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష వరకు కవరేజీ ఉంది, థెరపీ ఖర్చుకు కూడా కొంత వస్తుంది.

చేర్పించే ముందు రెండే అడగండి: స్పీచ్ థెరపిస్టుకో, స్పెషల్ టీచరుకో, సైకాలజిస్టుకో అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, సెషన్లో నేనూ కూర్చోవచ్చా. రెండోదానికి ఎప్పుడూ "కుదరదమ్మా, బయట కూర్చోండి" అంటుంటే ఇంకో చోటు చూసుకోండి. మీ ఊళ్ళో మొదటి రకం సెంటర్ ఒక్కటే ఉంటే దానికే పొండి, కానీ నేర్పించాల్సినవి మీరే కాగితం మీద రాసిచ్చి, దాని కిందే కళ్ళల్లోకి చూడమనొద్దు, చేతులు ఆపొద్దు అని కూడా రాయండి.