నల్ల పాలిష్‌కు ముడి మాంటన్ మైనం: ఏళ్ల వాడకం తర్వాత

తోలు పాలిష్ చేసేవాళ్లకు కార్నౌబా అనే ఆకు మైనం మీద ఎంత మోజున్నా, నల్ల పాలిష్ దగ్గరికి వచ్చేసరికి నా ఓటు ముడి మాంటన్ మైనానికే. లేత రంగుల సంగతి వేరు, అది తర్వాత.

లిగ్నైట్ అనే గోధుమరంగు బొగ్గు నుంచి తీసే మైనం ఇది. బొగ్గును ఎండబెట్టి, నలగగొట్టి, వేడి టోలీన్ వంటి ద్రావణిలో కడుగుతారు. ద్రావణిని ఆవిరి చేసి వెనక్కి రాబట్టుకుంటే ముదురు రంగు మైనం మిగులుతుంది. ఏ లిగ్నైట్ పడితే అది పనికిరాదు. మైనం దండిగా ఉన్నదే కావాలి. జర్మనీలోని సాక్సనీ-అన్‌హాల్ట్ రాష్ట్రంలో ఆమ్స్‌డార్ఫ్ గని ఇందుకు పేరుమోసింది. కోట్ల ఏళ్ల కిందటి మొక్కల ఆకుల మీది మైనపు పూతే బొగ్గులో చెడకుండా నిలిచింది. కార్నౌబా కూడా బ్రెజిల్‌లోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనమే. ఈ చుట్టరికం పనిలో కనిపిస్తుంది: రెండూ గట్టివి, రెండూ 80 డిగ్రీల సెల్సియస్ దాటితేగానీ కరగవు.

ముడి మాంటన్ గడ్డను సుత్తితో కొడితే ఠప్పున విరుగుతుంది. విరిగిన ముఖం గాజు పెంకులా వంపు తిరిగి ఉంటుంది. గోటితో గీస్తే పొడి రాలుతుందే తప్ప గోరు దిగదు. కరిగినప్పుడు తారును తలపించే సన్నని వాసన వస్తుంది. అది గిట్టనివాళ్లు ఉన్నారు గానీ, పాలిష్‌లో ద్రావణిగా టర్పెంటైన్ కలిశాక ఆ వాసన ఎక్కడ ఉందో వెతుక్కోవాల్సిందే.

మెరుపు ఒక్కటే చూస్తే కార్నౌబాదే పైచేయి. మాంటన్ గొప్పతనం ద్రావణిని, నూనెను పట్టి ఉంచడంలో ఉంది. పారఫిన్ ఎక్కువైన పాలిష్‌లో కొన్నాళ్లకు పైన ద్రావణి చెమటలా తేలుతుంది, లేదా సరుకు ఎండి డబ్బా అంచు నుంచి విడిపోతుంది. మిశ్రమంలో కొద్ది పాళ్లు మాంటన్ పడితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. మసి రంగు కూడా అడుగున పేరుకోకుండా సమంగా కలుస్తుంది. ఒకప్పుడు కార్బన్ పేపర్ వాళ్లు దీన్ని టన్నులకొద్దీ కొన్నది ఈ గుణం కోసమే: నూనెనూ రంగునూ పట్టి ఉంచాలి, చేతికి అంటకూడదు, కలం ఒత్తితే మాత్రం కింది కాగితానికి దిగాలి.

కరిగించేటప్పుడు మాంటన్‌నే ముందు వేయాలి. అది పూర్తిగా కరిగాకే మెత్తని మైనాలు, చివరగా మంటకు దూరంగా టర్పెంటైన్. మరీ వేడిగా పోస్తే డబ్బా మధ్యలో గుంట పడుతుంది, చల్లారాక పోస్తే పైన ముడతలు. చల్లని ఉక్కు పలక మీద ఒక చుక్క వేసి, గట్టిపడ్డాక బొటనవేలితో రుద్ది చూడనిదే నేను పోయను.

ఫిర్యాదులూ ఉన్నాయి. ముడి మైనంలో అసలు మైనంతో పాటు రెసిన్ అనే బంకలాంటి పదార్థం, తారులాంటి పదార్థాలు ఉంటాయి. వాటి పాళ్లు లాటు లాటుకూ మారుతుంటాయి. ఒక సరఫరాదారు పంపిన సరుకులో రెసిన్ ఎంత ఎక్కువైందంటే, పాలిష్ బూటు మీద జిగురుగా మిగిలి దుమ్మును పట్టేసింది. రెసిన్ తీసిన రకం దొరికితే దానికే పోవడం మేలు.

లేత రంగులకు ముడి సరుకు పనికిరాదు. క్రోమిక్ ఆమ్లంతో విరంజనం చేసిన, అంటే ముదురు రంగు పోగొట్టిన రకాలు కావాలి. అలా వచ్చే లేత పసుపు ఆమ్ల మైనాన్ని ఎస్ అంటారు. దాన్ని గ్లైకాల్‌తో ఎస్టరుగా మారిస్తే ఇ. ఎస్టరులో కొంత భాగాన్ని సున్నంతో సబ్బుగా మార్చింది ఓపీ. నీళ్లలో కలిసే నేల పాలిష్‌కు ఎస్ బాగా కుదిరింది, దానిలోని ఆమ్లం క్షారగుణమున్న అమీన్‌తో కలిసి తేలిగ్గా ఎమల్షన్ అవుతుంది, అంటే నీళ్లలో పాలలా కలిసిపోతుంది. ఓపీ నా పనికి పెద్దగా ఒరగబెట్టలేదు. పీవీసీ ప్లాస్టిక్ చేసేవాళ్లకు మాత్రం అదే ప్రాణం: కరిగిన ప్లాస్టిక్ యంత్రానికి అతుక్కోకుండా జారిపోవడానికి వాడతారు.

సరఫరా ఇంకో బెంగ. 2014 జనవరిలో ఆమ్స్‌డార్ఫ్ గనిలో భారీగా నేల జారి తవ్వకం దెబ్బతింది. పెద్ద గనులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న సరుకుకు ఇలాంటిది ఎప్పుడైనా జరగవచ్చు. అదృష్టవశాత్తూ ముడి గడ్డలు వేడికి, మంటకు దూరంగా ఉంటే ఏళ్లు గడిచినా చెడవు, కాబట్టి కొన్ని బస్తాలు ఎక్కువే తెప్పించి పెట్టుకుంటాను.